సమావేశానికి ముందు పది గడపలు

2023 జూన్‌లో ఒక ఆదివారం ఉదయం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జరిగిన సర్వసభ్య సమావేశం రెండున్నర గంటల సేపు సాగి, ఒక్క తీర్మానమూ లేకుండా చెదిరిపోయింది. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన లెక్చరర్ గారు, "నన్ను దొంగను చూసినట్టు చూసిన చోట నేను కూర్చోను" అని కుర్చీ వెనక్కి నెట్టి వెళ్ళిపోయారు. ఆయన వెంట మరో పదిమంది లేచారు. నిజానికి ఆయన మీద ఎవరూ దొంగతనం మోపలేదు. ఆయన అప్పుడు కోశాధికారి. ఆ వేసవిలో నీళ్ళ ట్యాంకర్లకు ఎంత ఖర్చయిందని ఒకరు అడిగారు, అంకె వెంటనే ఆయన నోటికి రాలేదు, "లెక్క రాయలేదా అండీ?" అని వెనుక వరసలోంచి మరొకరు అన్నారు. ఆ ఒక్క మాట చాలింది. ఆ తరువాత నెలల తరబడి ఆయన లిఫ్టులో ఎవరైనా ఎదురుపడితే తల వంచుకొని నిలబడేవారు.

ఆ సెప్టెంబరులో కార్యదర్శి బాధ్యత నాకు వచ్చింది. అప్పటి నుంచి పదకొండు సమావేశాలు జరిపాను. వాటిలో రెండు చెడిపోయాయి, మిగిలినవి పని ముగించుకొని లేచినవే. ఇన్ని జరిపాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటి ఉంది. సమావేశంలో మనం చూసే గొడవ దాదాపు ఎప్పుడూ అక్కడికి చేరకముందే తయారై ఉంటుంది. కాబట్టి దాన్ని తగ్గించే పని కూడా అక్కడికి చేరకముందే జరగాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు అన్నారు. రచ్చ అంటే నలుగురూ కూడే చోటు. ఊరి నడుమ చెట్టు కింద ఉండే రచ్చబండలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది గానీ, ఈ రోజుల్లో రచ్చ అనగానే అందరికీ తోచేది అల్లరే. నలుగురు కూడే చోటి పేరు కాస్తా గొడవకు పేరైపోవడం నాకు బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే మా సెల్లార్ విషయంలో కూడా అచ్చంగా అదే జరుగుతూ వచ్చింది.

మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఉన్న 72 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నలభై ఇళ్ళు రెండు పడక గదులవి, ముప్ఫై రెండు మూడు పడక గదులవి. ఓనర్ల సంఘం సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంది. మా బైలాస్ ప్రకారం సర్వసభ్య సమావేశానికి పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మూడో వంతు సభ్యులు, అంటే 24 మంది, వస్తేనే కోరం. ఈ నిబంధనలు మేము ఎప్పుడూ పాటిస్తూనే ఉన్నాం. నోటీసు గోడ మీద అంటించేవాళ్ళం, సంతకాల పుస్తకం పెట్టేవాళ్ళం, కోరం చూసుకొనేవాళ్ళం. చట్టం అడిగినవన్నీ చేసినా గొడవలు మాత్రం తగ్గలేదు, ఎందుకంటే ఆ నోటీసులో ఉండేది "మెయింటెనెన్స్ విషయం, నీళ్ళ విషయం, ఇతర విషయాలు" అనే మూడు ముక్కలే. వాటిని చూసి ఎవరైనా ఏం సిద్ధపడి రాగలరు? ఎవరి భయం వారు వెంటబెట్టుకొని వచ్చేవారు.

నాకు దారి చూపింది హైదరాబాద్‌లో ఎవరూ కాదు, నెల్లూరు జిల్లాలోని మా పిన్ని. 2024 సంక్రాంతికి వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం ఆమె వెంట పొదుపు సంఘం సమావేశానికి వెళ్ళి వెనకాల అరుగు మీద కూర్చున్నాను. అది ఈ విషయంలో చిన్న జిల్లా కాదు. 1990ల తొలినాళ్ళలో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన నేల అది. సారా దుకాణానికి పోయే డబ్బును రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకొందామని ఆ ఉద్యమం వెంటే పొదుపు సంఘాలు ఊరూరా పుట్టాయి. గ్రామీణాభివృద్ధి బ్యాంకైన నాబార్డు 1992లో, పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులు అందేలా చేసే అనుసంధానాన్ని 500 సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టింది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో పొదుపు సంఘం లేని ఊరు వెతికినా కనబడటం కష్టం. ఈ సంఘాలు పంచసూత్రాలు అని చెప్పుకొనేవి ఐదు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యుల మధ్య అప్పులు, సకాలంలో తిరిగి చెల్లించడం, పుస్తకాలు సక్రమంగా రాయడం. జాబితా సమావేశంతో మొదలై పుస్తకంతో ముగుస్తుందని ఆ రోజే గమనించాను.

పన్నెండు మంది ఆడవాళ్ళు రెండు చాపలు పరుచుకొని గుండ్రంగా కూర్చున్నారు. పుస్తకాలు రాసే అమ్మాయి ఒక్కొక్కరి పేరు పిలిచి, వారు కట్టిన పొదుపు ఎంత, అప్పు కంతు ఎంత, మిగిలిన బాకీ ఎంత అని పైకి చదివింది. చదివిన ప్రతిసారీ ఆ మనిషి "అవును" అనేదాకా తరువాతి పేరుకు పోలేదు. ఒకామె "నిరుడు దసరా నెలలో నేను రెండు కంతులు ఒకేసారి కట్టినానమ్మా" అంది. ఆ అమ్మాయి పేజీలు వెనక్కి తిప్పి, చూపి, దిద్ది, మళ్ళీ చదివింది. ఎవరి ముఖమూ ఎర్రబడలేదు. డబ్బు మధ్యలో పెట్టి అందరి ఎదుట లెక్కించారు. ఆ తరువాతే అసలైన చిక్కు విషయానికి వచ్చారు: ఉన్న నిధి ఒక్క అప్పుకే సరిపోతుంది, అడిగేవాళ్ళు ఇద్దరు. ఒకామెకు కూతురి ఇంజినీరింగ్ ఫీజు, ఒకామెకు గేదె. నేను మాటల యుద్ధం వస్తుందనుకున్నాను. ఫీజుకు గడువు తేదీ ఉంది కాబట్టి ముందు ఆమెకు, వచ్చే నెల గేదెకు అని పది నిమిషాల్లో తేల్చి, తీర్మానం రాసి, రాసింది పైకి చదివి, అక్కడే సంతకాలు పెట్టారు.

ఇంటికి నడిచి వస్తూ "అంత తొందరగా ఎలా ఒప్పుకున్నారు పిన్నీ?" అని అడిగాను. "ఒప్పుకునేది ఇప్పుడా నాయనా? మంగళవారమే నేను గేదె అడిగిన పిల్ల ఇంటికి పోయి కూర్చున్నా. ఇంకో అమ్మాయికి ఫీజు తేదీ దగ్గర పడిందని ఆ పిల్లకు తెలీదు. నలుగురిలో చెప్తే నన్ను కాదన్నారే అని మనసు చిన్నబుచ్చుకుంటది. ఇంట్లో చెప్తే తనే వచ్చి చెప్పింది, ముందు ఫీజుకు ఇవ్వండి అని" అంది పిన్ని. ముప్ఫై ఏళ్ళుగా ఒక సంఘాన్ని నిలబెట్టిన మనిషికి ఇది పెద్ద విషయంగా కూడా తోచలేదు. నాకు మాత్రం జూన్ నాటి మా సెల్లార్, వెనక్కి నెట్టిన ఆ కుర్చీ కళ్ళ ముందు నిలిచాయి.

నలుగురి ఎదుట మొదటిసారి వినే మాటకు మనిషి ఆలోచించి జవాబివ్వలేడు, తన పరువును కాపాడుకొంటాడు. ఒకసారి నలుగురిలో "ఒప్పుకోను" అన్నాక, ఆ మాట వెనక్కి తీసుకోవడం ఓడిపోవడమే అవుతుంది కాబట్టి, మనసులో మెత్తబడ్డా పైకి బిగుసుకొనే ఉంటాడు. అదే మాట అతని హాల్లో, కాఫీ తాగుతూ, ఎవరూ చూడని చోట విన్నప్పుడు "రెండు రోజులు ఆలోచించి చెప్తానండీ" అనగలడు. సమావేశంలో ఆ రెండు రోజుల వెసులుబాటు ఎవరికీ ఉండదు.

మా అసలు తగాదా మెయింటెనెన్స్ గురించి. అప్పటివరకు ప్రతి ఫ్లాటూ నెలకు రూ.3,300 కట్టేది. 1,150 చదరపు అడుగుల రెండు గదుల ఇంటికీ, 1,650 చదరపు అడుగుల మూడు గదుల ఇంటికీ ఒకటే మొత్తం. ఎస్ఎఫ్‌టీ, అంటే చదరపు అడుగుల, లెక్కన వసూలు చేయాలని చిన్న ఫ్లాట్ల వారు మూడేళ్ళుగా అడుగుతున్నారు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు కరెంటు ఇంటి సైజును బట్టి మారవు కదా అని పెద్ద ఫ్లాట్ల వారు కాదంటున్నారు. రెండు వాదనలూ న్యాయమైనవే. విషాదం ఏమిటంటే, ఈ మూడేళ్ళలో ఎవరూ ఒక కాగితం తీసుకొని, మారిస్తే ఏ ఇంటికి ఎంత అవుతుందో రాసి చూడలేదు. కొందరు తమకు నెలకు రెండు వేలు పెరుగుతుందని, కొందరు తమకు వెయ్యి తగ్గుతుందని అనుకుంటూ ఉన్నారు. ఆ ఊహల మీదే స్నేహాలు చెడ్డాయి.

సంక్రాంతి నుంచి తిరిగి వచ్చాక మొదట ఆ లెక్క వేశాను. నెల మొత్తం వసూలు రూ.2,37,600. దీన్ని పూర్తిగా ఎస్ఎఫ్‌టీకి మారిస్తే చదరపు అడుగుకు దాదాపు రూ.2.40 పడుతుంది, చిన్న ఫ్లాటుకు రూ.2,760, పెద్ద ఫ్లాటుకు రూ.3,960. అంటే ఒకరికి రూ.540 తగ్గి, మరొకరికి రూ.660 పెరుగుతుంది. ఈ కాగితం చేతిలో పెట్టుకొని ఫిబ్రవరిలో మూడు వారాల పాటు సాయంత్రాలు పది ఇళ్ళకు వెళ్ళాను. పది ఇళ్ళంటే, ప్రతి వైపు నుంచి గట్టిగా మాట్లాడేవారు నలుగురేసి, ఇంకా ఎప్పుడూ మాట్లాడని వారు ఇద్దరు.

మొదట వెళ్ళింది లెక్చరర్ గారి ఇంటికే. ఆయన తలుపు తీసి, కాసేపు తటపటాయించి, లోపలికి రమ్మన్నారు. నేను ట్యాంకర్ల మాట ఎత్తకముందే ఆయనే లోపలికి వెళ్ళి పొడుగాటి నోటు పుస్తకం తెచ్చారు. అందులో ఆ వేసవిలో వచ్చిన ప్రతి ట్యాంకరూ తేదీ, వచ్చిన సమయం, డ్రైవరుకు ఇచ్చిన మొత్తంతో సహా నల్ల ఇంకుతో, గీతలు కొట్టిన గళ్ళలో రాసి ఉంది. మొత్తం 212 ట్యాంకర్లు. చివరి పేజీలో కూడిక వేసి, కింద రెండు గీతలు గీసి ఉంది. "ఇది ఆ రోజు మీ దగ్గరే ఉందా సార్?" అని అడిగాను. "ఇంట్లో ఉంది. తెమ్మని ఎవరూ చెప్పలేదు, అడుగుతారని నాకు తెలియదు" అన్నారు. నాకు మాట రాలేదు. అంత శ్రద్ధగా లెక్క రాసిన మనిషిని, ఆ లెక్క అడుగుతామని ముందుగా చెప్పకపోవడం వల్ల నలుగురిలో నేరస్థుడిలా నిలబెట్టాం. ఆ సమావేశానికి ఎజెండా రాసినవారు "2023 వేసవి ట్యాంకర్ల ఖర్చు: కోశాధికారి వివరణ" అని ఒక్క వరస రాసి ఉంటే ఆ పుస్తకం ఆయన చంకలో ఉండేది.

మిగతా ఇళ్ళలో విన్న మాటలు నా కాగితాన్నే మార్చేశాయి. అయిదో అంతస్తులో మూడు గదుల ఇంట్లో ఉండే పెద్ద దంపతులు "పిల్లలు అమెరికాలో ఉన్నారు బాబూ, ఇంట్లో మేమిద్దరమే. కింద రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటారు. నీళ్ళు మేము ఎక్కువ వాడుతున్నామా, వాళ్ళా?" అన్నారు. ఎస్ఎఫ్‌టీ లెక్కలో నీళ్ళను కలపడం ఎందుకు తప్పో ఆ ఒక్క మాటతో అర్థమైంది. ఇంకొకాయన, ఐటీ కంపెనీలో పనిచేసే యువకుడు, డబ్బు తనకు సమస్యే కాదని, మా వాట్సాప్ గ్రూపులో ఎవరో "పెద్ద ఫ్లాట్ల వాళ్ళకు పట్టింపు ఉండదులే" అని రాయడం వల్లే పట్టుదలకు పోయానని చెప్పాడు. ఆ మాట రాసినాయన ఇంటికి తరువాతి రోజే వెళ్ళవలసి ఉంది. ఆయనకు ఆ వాక్యం గుర్తు కూడా లేదు, తెలిశాక ఫోన్ చేసి క్షమాపణ చెప్పారు. ఒక ఇంట్లో జీఎస్టీ భయం కనబడింది. సంఘం వార్షిక వసూలు రూ.28 లక్షలు దాటింది కాబట్టి అందరి మీదా 18 శాతం పన్ను పడుతుందని వారికి ఎవరో చెప్పారు. సభ్యుడు నెలకు కట్టేది రూ.7,500 లోపు ఉంటే మినహాయింపు ఉందని, మన రెండు లెక్కల్లోనూ ఎవరూ దాని దరిదాపుల్లోకి రారని మా ఆడిటర్ ఇచ్చిన చిన్న కాగితం చూపించాను. ఆ ప్రశ్న సమావేశంలో లేచి ఉంటే అరగంట తినేది.

ఈ పది ఇళ్ళ తరువాత తయారైన ప్రతిపాదన ఇది. భద్రత, పారిశుధ్యం, లిఫ్టు, కామన్ కరెంటు, నీళ్ళు వంటి సేవలకు నెలకు అయ్యే రూ.1,58,400ను 72 ఇళ్ళకు సమంగా పంచితే ఇంటికి రూ.2,200. పెయింటింగ్, పైకప్పు లీకేజీలు, పెద్ద మరమ్మతుల నిధి వంటి భవనానికి సంబంధించిన మిగతా భాగం చదరపు అడుగుకు 80 పైసలు. చిన్న ఫ్లాటుకు రూ.920, పెద్ద ఫ్లాటుకు రూ.1,320. మొత్తం చిన్న ఫ్లాటు రూ.3,120, పెద్ద ఫ్లాటు రూ.3,520 కట్టాలి. సంఘానికి నెలకు వచ్చే మొత్తం వసూలులో పాతదానితో తేడా కేవలం రూ.160. అంటే మూడేళ్ళ తగాదాలో న్యాయంగా తేలవలసింది ఒకవైపు రూ.180 తగ్గడం, మరోవైపు రూ.220 పెరగడం. ఈ అంకెలను పట్టికగా వేసి, పాత పద్ధతి, పూర్తి ఎస్ఎఫ్‌టీ పద్ధతి, మిశ్రమ పద్ధతి మూడింటినీ పక్కపక్కన పెట్టి, నోటీసుతో పాటు పద్నాలుగు రోజుల ముందే ప్రతి ఇంటి తలుపు కింద నుంచి లోపలికి పంపాం.

ఎజెండాను కూడా ప్రశ్న రూపంలో రాశాం: "భవనం మరమ్మతులకు సంబంధించిన భాగాన్ని ఏప్రిల్ నుంచి చదరపు అడుగుల లెక్కన వసూలు చేయాలా, ఇప్పటిలాగే సమంగానా?" ఇది చిన్న మార్పులా కనబడుతుంది గానీ, నా అనుభవంలో దీనంత పనిచేసింది మరొకటి లేదు. "మెయింటెనెన్స్ విషయం" అని రాస్తే వాచ్‌మన్ నిద్రపోవడం నుంచి జనరేటర్ డీజిల్ దాకా అన్నీ ఆ విషయంలోకే వస్తాయి. ప్రశ్న రాస్తే జవాబు వచ్చినప్పుడు ఆ అంశం అయిపోయిందని అందరికీ తెలుస్తుంది. తెలియజేయడానికి మాత్రమే ఉన్న సంగతులను, అంటే లిఫ్టు కాంట్రాక్టు రెన్యువల్ అయిందనో, సంపు శుభ్రం చేయించామనో, ఎజెండాలోంచి పూర్తిగా తీసేసి కాగితం మీదే ఇచ్చేశాం.

సమయం గురించి ఒక మాట. మా సమావేశాలు ఎప్పుడూ ఆదివారం ఉదయం పదిన్నరకు ఉండేవి. ఆ సమయంలో మగవాళ్ళు కింద కూర్చుంటే, ఆడవాళ్ళు పైన వంటింట్లో ఉంటారు. సగానికి పైగా ఫ్లాట్లు ఆడవాళ్ళ పేరు మీదే రిజిస్టరై ఉన్నా, సంతకాల పుస్తకంలో వారి సంతకాలు అయిదారు కూడా కనబడేవి కావు. పుట్టుకతోనే ఆ సమావేశంలో ఒక లోటు ఉందని నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. మార్చి నుంచి సాయంత్రం నాలుగున్నరకు మార్చాం. ఏప్రిల్ సమావేశంలో, బోర్లు రెండూ ఎండిపోయి రోజుకు నాలుగు ట్యాంకర్లు తెప్పిస్తున్న రోజుల్లో, ట్యాంకరు ధర మీద చర్చ నడుస్తుండగా రెండో అంతస్తు నుంచి మొదటిసారి వచ్చిన ఒకావిడ లేచి, "ధర సంగతి సరేనండీ, బండి ఉదయం తొమ్మిదికి వస్తోంది. పిల్లలకు క్యారేజీలు కట్టేది ఏడింటికి. ఏడింటికి కుళాయి తిప్పితే గాలి వస్తోంది. ముందు రోజు రాత్రే సంపు నింపితే ఏం?" అన్నారు. ముప్పావు గంటగా మేమంతా డబ్బు గురించే మాట్లాడుతున్నాం. మర్నాటి నుంచి రాత్రి పదింటికి ట్యాంకర్లు వచ్చాయి, ఆ వేసవిలో నీళ్ళ మీద ఫిర్యాదులు సగానికి సగం తగ్గాయి. అద్దెకు ఉంటున్నవారికి ఓటు లేకపోయినా నీళ్ళ అంశం వరకు కూర్చొని మాట్లాడే వీలు కల్పించింది కూడా ఆ సాయంత్రం నుంచే.

మార్చి సమావేశం సాఫీగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరూ ప్రతిపాదనకు అనుకూలమని అందరికీ తెలుసు కాబట్టి, చర్చ నడిపే పని మా ఇద్దరిలో ఎవరమూ తీసుకోకుండా, ఈ విషయంలో ఏ పక్షమూ లేని ఒక డాక్టర్ గారిని అడిగాం. ఆవిడ మొదట మాట్లాడాలనుకునేవారి పేర్లు కాగితం మీద రాసుకున్నారు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు అన్నారు, ఒకసారి మాట్లాడినవారికి అందరి వంతూ అయ్యాకే రెండో వంతు అన్నారు. ఇరవై నిమిషాలకు ఒకాయన గొంతు పెంచి, పాత కమిటీ మీద విరుచుకుపడ్డారు. డాక్టర్ గారు ఆయనను కూర్చోమనలేదు, తప్పని కూడా అనలేదు. "అన్నయ్యగారూ, మీరు అంటున్నది నేను సరిగ్గా రాసుకున్నానో లేదో చూడండి: పాత కమిటీ పెయింటింగ్ కాంట్రాక్టు కొటేషన్లు లేకుండా ఇచ్చింది, ఇకపై మూడు కొటేషన్లు లేకుండా ఇవ్వకూడదు. ఇదేనా?" అని చదివి వినిపించారు. ఆయన ఒక్క క్షణం ఆగి "అదే" అన్నారు. "ఇది ఈ రోజు ఎజెండాలో లేదు, వచ్చే సమావేశంలో మొదటి అంశంగా రాస్తున్నాను" అని ఆయన ఎదుటే పుస్తకంలో రాశారు. కోపంగా ఉన్న మనిషికి కావలసింది చాలాసార్లు తన మాట సరిగ్గా నమోదవడమే. నమోదైన మాటను మళ్ళీ మళ్ళీ అరవవలసిన అవసరం ఉండదు. తరువాతి సమావేశంలో ఆ మూడు కొటేషన్ల నియమం అయిదు నిమిషాల్లో ఆమోదం పొందింది, అది మా సంఘానికి జరిగిన మంచి పనుల్లో ఒకటి.

ఓట్ల గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. చట్టం ప్రకారం మెజారిటీ చాలు, నిజమే. కానీ ఒకే మెట్ల మీద రోజూ ఎదురుపడే మనుషుల మధ్య స్వల్ప మెజారిటీతో గెలవడం ప్రమాదకరం. నేను చెడగొట్టిన రెండు సమావేశాల్లో ఒకటి పార్కింగ్ మీద. అలిసిపోయి, ఇక తేల్చేద్దామని చేతులెత్తించాను; 31 మంది అవునన్నారు, 28 మంది కాదన్నారు. తీర్మానం పుస్తకంలో ఉంది, సెల్లార్‌లో మాత్రం అమలు కాలేదు. ఇరవై ఎనిమిది ఇళ్ళు కాదన్న నియమాన్ని వాచ్‌మన్ చేత అమలు చేయించాలనుకోవడం ఆ పేదవాడికి నేను చేసిన అన్యాయం. ప్రతి రోజూ ఎవరో ఒకరు కారు తీయనని అతని మీదే అరిచేవారు. ఆరు నెలల తరువాత దాన్ని రద్దు చేసి మళ్ళీ మొదటి నుంచి, ఇళ్ళ నుంచి, మొదలుపెట్టాం. ఇప్పుడు నాలుగింట మూడు వంతుల మంది అంగీకారం కనబడకపోతే చేతులెత్తించను, ఒక నెల వాయిదా వేస్తాను. ట్యాంకర్ల వంటి అత్యవసర విషయాలకు ఇది కుదరదు, వాటికి ఆ రోజే నిర్ణయం కావాలి. మెయింటెనెన్స్ మీద మార్చిలో ఓటింగ్ అక్కర్లేకపోయింది. ముగ్గురు తమ అసమ్మతిని పుస్తకంలో రాయమన్నారు, వారి కారణాలతో సహా రాశాం.

మినిట్స్, అంటే సమావేశంలో ఏం తేలిందో రాసి ఉంచే విషయంలో పిన్ని సంఘం పద్ధతినే ఉన్నదున్నట్టు తీసుకున్నాం. ఇంటికి వెళ్ళి వారం తరువాత కంప్యూటర్‌లో కొట్టి పంపితే, "నేను అలా అనలేదు" అని మరో వారం గ్రూపులో నడిచేది. ఇప్పుడు ప్రతి అంశం కాగానే తీర్మానాన్ని రెండు మూడు వాక్యాల్లో అక్కడే రాసి, ఎవరు చేయాలి, ఏ తేదీలోగా చేయాలి అనేవి కలిపి, పైకి చదువుతాం. అభ్యంతరం ఉంటే అక్కడే దిద్దుతాం, లేవకముందే సంతకాలు. రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో వచ్చే ప్రతిపాదనలకు సంఘం తరఫున జవాబివ్వకూడదని కూడా ఒక తీర్మానం చేసుకున్నాం. రాసినవారికి మర్నాడు నేనే ఫోన్ చేస్తాను.

పెంపుడు కుక్కల విషయం ఇంకా తెగలేదు. దాని కోసం ఇప్పటికి ఆరు ఇళ్ళకు వెళ్ళాను, ఇంకా నాలుగు మిగిలాయి. ఒక ఇంట్లో చిన్నపిల్లను లిఫ్టులో కుక్క భయపెట్టింది, మరో ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడకు ఆ కుక్కే తోడు. ఈ రెండు ఇళ్ళ వారూ ఒకరి సంగతి ఒకరు విన్నాకే ఎజెండాలో పెడతాను.

ఈ సంవత్సరం వార్షిక సమావేశానికి ముందు వారం, లెక్కల కాపీ ఇవ్వడానికి లెక్చరర్ గారి ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు ఆయన కమిటీలో లేరు, కానీ లెక్కలు అచ్చు వేయకముందు ఆయన చూడాలని మేము కోరాం, ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. కళ్ళజోడు సవరించుకొని, పెన్సిల్‌తో ఒక్కో వరస మీద చిన్న టిక్కు పెడుతూ, ట్యాంకర్ల పేజీ మధ్యలో ఆగారు. "ఏప్రిల్‌లో ఇక్కడ మూడు బండ్లు రాశారు, రశీదులు రెండే ఉన్నాయి" అన్నారు. ఇద్దరం కిందికి దిగాం. వాచ్‌మన్ తన గదిలో దేవుడి పటం వెనుక పెట్టిన ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన మూడో రశీదు బయటికి తీశాడు. రాత్రి పదకొండున్నరకు వచ్చిన బండి అది. లెక్చరర్ గారు ఆ మడతలను బల్ల మీద అరచేతితో సాపు చేసి, పెన్సిల్ తీసి ఆ వరస మీద కూడా టిక్కు పెట్టారు.